వారి పదిహేనో ఏట ఊళ్ళో ఏ పాట వినిపించేది?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరం దగ్గర ఒక వృద్ధాశ్రమంలో పర్యవేక్షకురాలిగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఉన్న 22 మందిలో తొమ్మిది మందికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే స్థితి) ఉంది. ఈ మధ్య ఒక దాత పెద్ద స్పీకరు కొనిచ్చారు. అప్పటి నుంచి ఉదయం ఆరు గంటలు మొదలు రాత్రి ఎనిమిది వరకు హాల్లో భక్తి పాటలు, ఘంటసాల గారి పాటలు వేస్తున్నాం. కొందరు సంతోషిస్తున్నారు. కానీ ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన చెవులు మూసుకుని కేకలు వేస్తున్నారు. ఒక అమ్మగారు కొన్ని పాటలు రాగానే ఏడుస్తున్నారు. ఏడాదిగా మాట లేని మరొక అమ్మగారు దేనికీ స్పందించడం లేదు. ఏ పాటలైతే అందరికీ మంచివో ఒక పట్టిక ఇవ్వగలరా?
— ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం:

మీరు అడిగిన పట్టిక నేను ఇవ్వలేను. ఇవ్వగలిగినా ఇవ్వకూడదని నా అభిప్రాయం. మీ హాల్లో ఇప్పుడు వస్తున్న ఇబ్బందికి మూలం అందరికీ కలిపి ఒకటే పట్టిక ఉండటమే. అయితే మీ ఉత్తరంలోనే సగం సమాధానం ఉంది. చెవులు మూసుకున్నది ఎవరు, ఏడ్చింది ఎవరు, కదలకుండా ఉన్నది ఎవరు అని మీరు మనిషి మనిషినీ విడివిడిగా గమనించారు. పాటలు ఎంచే పని అక్కడి నుంచే మొదలవుతుంది.

డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ వంటి వ్యాధిలో నిన్న జరిగినది, ఇందాక తిన్నది ముందుగా చెరిగిపోతాయి. చిన్ననాడు వినీ వినీ ఒంటబట్టిన పాట మాత్రం చాలాకాలం నిలిచి ఉంటుంది. 2015లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు, ఎంతోకాలంగా తెలిసిన పాటను గుర్తుపట్టేటప్పుడు మెదడులో పనిచేసే భాగాలేవో గుర్తించి, అల్జీమర్స్ రోగుల మెదడులో ఆ భాగాలు మిగిలిన వాటితో పోలిస్తే తక్కువగా దెబ్బతింటున్నాయని చూపించారు. కొడుకు పేరు తడుముకునే మనిషి పాట రెండో చరణం తప్పు లేకుండా అందుకోవడానికి కారణం కొంతవరకు ఇదే. ఇక్కడ మనం పట్టుకోవలసిన మాట ‘ఎంతోకాలంగా తెలిసిన’ అన్నది. పాట మంచిదా కాదా, భక్తిదా సినిమాదా అన్న విచారణ దాని తరువాతే వస్తుంది.

మనుషుల్లో ఎక్కువమందికి గాఢంగా నిలిచిపోయేవి సుమారు పదేళ్ళ వయసుకూ పాతికేళ్ళ వయసుకూ మధ్య విన్న పాటలు. కాబట్టి ముందుగా రిజిస్టరు తీసి తొమ్మిది మంది పుట్టిన సంవత్సరాలు రాసుకోండి. 1942లో పుట్టినవారికి ఆ ప్రాయం 1952 నుంచి 1967 వరకు ఉంటుంది. అంటే వారు దేవదాసు (1953), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) పాటల మధ్య పెరిగినవారు. 1957లో పుట్టి, అరవై దాటగానే ఈ వ్యాధి వచ్చినవారు మీ దగ్గర ఉంటే, వారికి ఆ పాటలు పెద్దవాళ్ళు విన్న పాటలే తప్ప సొంత పాటలు కావు. శంకరాభరణం వచ్చిన 1980లో వారికి 23 ఏళ్ళు. పెద్దవాళ్ళు అనగానే ఘంటసాల అనుకోవడం మనకు అలవాటైపోయింది గాని, ఆశ్రమంలో ఉన్న ఇద్దరి మధ్య పదిహేనేళ్ళ తేడా ఉంటే వారివి రెండు వేరు వేరు తరాల చెవులు. పల్లెటూళ్ళ వారి విషయంలో మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. పట్నంలో ఆడిన సినిమా టూరింగ్ టాకీసుకు చేరేసరికి ఏళ్ళు గడిచేవి, చాలామంది ఆడవాళ్ళు పెళ్ళికి ముందు చూసిన సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. అలాంటి అమ్మగారి మనసులో ఉన్న పాట ఏ రికార్డులోనూ దొరకకపోవచ్చు. అది తిరగలి దగ్గరిది, దంపుళ్ళ నాటిది, పేరంటంలో పాడిన మంగళహారతి, లేదా నాట్లు వేసేటప్పుడు ఒకరు అంటే పదిమంది అందుకున్న పాట అయి ఉంటుంది.

రెండో పని కుటుంబాన్ని అడగడం. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని గట్టిగా కోరుకుంటున్నాను. మా అమ్మకు ఈ వ్యాధి వచ్చిన మొదటి సంవత్సరంలో నేను రోజూ ఆమెకు త్యాగరాజ కీర్తనలు వినిపించేదాన్ని. అమ్మ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. మా ఇంట్లో అది అందరం గొప్పగా చెప్పుకునే సంగతి. కానీ కీర్తన మొదలుకాగానే ఆమె చీర చెంగు వేళ్ళకు బిగించి చుట్టుకుని, ‘నేను వెళ్ళిపోతాను’ అని లేచేది. వ్యాధి ముదిరిందనుకుని నేను కీర్తన మార్చానే గాని, కీర్తనలే మానాలని నాకు తోచలేదు. కొన్ని నెలలకు మా పిన్ని తెనాలి నుంచి వచ్చి, చూసి, అసలు సంగతి చెప్పింది. అమ్మకు సంగీతం చెప్పించింది పెళ్ళిచూపుల కోసమట. వచ్చిన ప్రతి సంబంధం వారి ముందూ చాపమీద కూర్చుని అవే కీర్తనలు పాడవలసి వచ్చేదట, పాడిన తరువాత వద్దని కబురు వచ్చేదట. పెళ్ళయ్యాక ఆమె పాడకపోవడానికి తీరిక లేకపోవడం కారణమని మేమంతా అనుకున్నాం. పిన్ని ఆ రోజు సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని, అట్లతద్దినాడు ఊయలలూగుతూ ఆడపిల్లలు పాడుకునే పాట ఒకటి మెల్లగా ఎత్తుకుంది. అమ్మ తిరిగి పాడలేదు. చెంగు చుట్టుకున్న వేళ్ళు మాత్రం విడిపోయాయి, పాట లయకు ఆమె పాదం కదిలింది. ఆ పాట అమ్మకు వచ్చునని నాకు నలభై ఏళ్ళుగా తెలియదు.

పిల్లలు చెప్పేది అబద్ధం కాదు. వారికి తెలిసినది నడివయసులో ఉన్న తల్లీ తండ్రీ. మనకు కావలసినది పెళ్ళికి ముందరి మనిషి. ఆ మనిషిని ఎరిగినవారు అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, మేనత్త మేనమామ పిల్లలు, పుట్టింటి ఇరుగుపొరుగువారు. కుటుంబం వారు వచ్చినప్పుడు ‘అమ్మగారికి ఏ పాటలిష్టం?’ అని అడగకండి. ‘ఏవో దేవుడి పాటలండీ’ అన్న జవాబే వస్తుంది. ఏ ఊళ్ళో పెరిగారు, ఇంట్లో రేడియో ఎప్పుడు వచ్చింది, అది ఎవరి చేతిలో ఉండేది, పండగకు ఊళ్ళో నాటకం వేసేవారా, హరికథ చెప్పించేవారా, బుర్రకథ దళం వచ్చేదా, వంట చేస్తూ ఏమైనా కూనిరాగం తీసేవారా, వినలేక కట్టేయమన్న పాట ఏదైనా ఉందా అని అడగండి. ఈ చివరి ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. అది అడిగేవారే లేకపోవడం వల్ల మా అమ్మ నెలల తరబడి బాధపడింది.

ఊరూ మతమూ తెలిస్తే దారి ఇంకా దగ్గరవుతుంది. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పెరిగిన మగవారిలో చాలామందికి పౌరాణిక నాటక పద్యాలు నోటికి వస్తాయి. సినిమా పాటకు కదలని మనిషి హార్మోనియం శ్రుతి మీద రాయబారం పద్యం వినగానే నిటారుగా కూర్చోవచ్చు. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మగారికి బతుకమ్మ పాటలు ఏ కీర్తన కన్నా దగ్గరివి. చప్పట్లు కొడుతూ తిరిగే పాటలు గనుక చేతులు కూడా కదులుతాయి. క్రైస్తవ కుటుంబంలో పెరిగినవారికి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే బాల్యం. మీ ఆశ్రమంలో అలాంటివారు ఒక్కరే ఉన్నా వారి కీర్తనలు వారికి అందాలి. రోజుకు పద్నాలుగు గంటలు ఇతరుల భక్తి పాటలు వినవలసి రావడం వారికి ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి. పాత హైదరాబాదులో పెరిగినవారికి, వారు తెలుగువారైనా ముస్లింలైనా, ఉర్దూ గజల్, కవ్వాలీ ఇంటి పాటలే.

మీ రైల్వే పెద్దాయన విషయంలో నాకు రెండు అనుమానాలున్నాయి. మొదటిది భాష. ఖరగ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగువారున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ మధ్య వారు పెరిగారు. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు దూరమైనప్పుడు దేశమంతా శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు తిరిగింది, అందులో హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైనది కూడా ఆ సంవత్సరమే, 1957లో వివిధ భారతి వచ్చింది. ఆయన యౌవనం ఆ కాలంలోనిదైతే ఆయన పాటలు తలత్ మహమూద్, రఫీ, హేమంత్ కుమార్ పాడినవి కావచ్చు. రెండో అనుమానం మరింత ముఖ్యమైనది. వర్క్‌షాపు మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవారి చెవి ఒక విచిత్రమైన రీతిలో దెబ్బతింటుంది: మెల్లని మాట వినపడదు, కాస్త గట్టిగా వచ్చిన శబ్దం మాత్రం భరించలేనంతగా తాకుతుంది. ఆయన మూసుకుంటున్నది పాటకు కాక స్పీకరుకే కావచ్చు. ముందు ఆయన చెవులు డాక్టరుకు చూపించి గుబిలి తీయించండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, గుబిలితో చెవి పూడుకుపోయిన పెద్దలు మన ఆశ్రమాల్లో ఎందరో ఉన్నారు. తరువాత నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మీరు మాట్లాడే గొంతు ఎంత ఉంటుందో అంత శబ్దంతో, ఒక్క పాత హిందీ పాట వినిపించి చూడండి.

ఏడ్చే అమ్మగారి విషయానికి వస్తే, ఏ పాటకు ఏడుస్తున్నారో మీరు రాయలేదు. అది ఘంటసాల గారు పాడిన భగవద్గీత అయితే కారణం వెతకనక్కరలేదు. మన ఊళ్ళలో కొన్ని దశాబ్దాలుగా ఆ గీత ఎక్కడ వినిపించినా ‘ఎవరు పోయారు?’ అనే అడుగుతాం; ఇంటి ముందు టెంటు, వైకుంఠ రథం కళ్ళకు కడతాయి. భక్తి పాటే కదా అని హాల్లో వేస్తే, పోయింది ఎవరో అడిగి తెలుసుకోలేని మనిషికి అది ప్రతిరోజూ కొత్తగా వచ్చే చావు కబురు అవుతుంది. ఎవరైనా జీవితమంతా గీత పారాయణ చేసినవారు ఉంటే వారికి విడిగా, చెవి దగ్గర వినిపించండి. హాల్లో మాత్రం వద్దు. సుప్రభాతం సంగతి కూడా ఇలాంటిదే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి గొంతులో అది వినిపిస్తే తెలుగువారి మనసుకు తెల్లవారినట్టే. గోడ గడియారం చదవలేని వారికి అది గడియారంలా పనికొస్తుంది. రోజూ ఉదయం ఒకే వేళకు, ఒకసారి వేయండి. అదే సాయంత్రం నాలుగింటికి వేస్తే, స్నానానికి నీళ్ళు పెట్టలేదేమని అడిగేవారు, ఆఫీసుకు వేళయిందని బయలుదేరేవారు ఉంటారు. ఆ తికమక వ్యాధిది కాదు, మనం కల్పించినది.

అలాగని కన్నీరు వచ్చిన ప్రతి పాటా ఆపేయాలని కాదు. జోలపాట విని ఏడ్చిన తల్లి ఆ తరువాత మీ చేయి పట్టుకుని కూర్చుంటే, ఊపిరి నెమ్మదిస్తే, రెండు మాటలు చెబితే, ఆ ఏడుపు ఆమెకు కావలసినదే. జోలపాట విని ‘పిల్లాడేడీ’ అని లేచి మంచాల కింద వెతకడం మొదలుపెడితే, ముఖం తిప్పుకుంటే, బట్ట నలుపుతూ ఉంటే, వెంటనే ఆపి పక్కన కూర్చోండి. తేడా పాట నడిచేటప్పటి కన్నా, ముగిసిన పావుగంటకు బాగా తెలుస్తుంది. ఇంకొక మాట: పాట వింటున్నవారిని ‘ఇది గుర్తుందా? ఏ సినిమాలోది? ఎవరు పాడారు?’ అని అడగవద్దని మీ ఆయాలకు చెప్పండి. ప్రేమతోనే అడుగుతారు గాని, జవాబు రానివారికి అది పరీక్షలో తప్పినట్టు ఉంటుంది.

ఇక స్పీకరు. దాతగారి మనసు నొచ్చుకోకుండా దానిని రోజుకు రెండు పూటలకు పరిమితం చేయండి. ఉదయం అరగంట, సాయంత్రం అందరూ ఇష్టపడి కూర్చున్నప్పుడు మరో అరగంట చాలు. మామూలు మనిషి వెనక మోగుతున్న పాటను పక్కకు నెట్టి ఎదుటివారి మాట వినగలడు. డిమెన్షియా ఉన్నవారికి ఆ వడపోత పోతుంది. పాటా, టీవీ వార్తలూ, వంటింటి గిన్నెల చప్పుడూ ఒకే రాశిగా మీద పడతాయి, లేచి ఆపుకునే శక్తి వారికి ఉండదు. మిగిలిన సమయమంతా పాటలు ఒక్కొక్కరికే. చవకైన చిన్న స్పీకరు మంచం పక్కన పెట్టినా సరిపోతుంది. హెడ్‌ఫోన్లు కొందరికి హాయిగా ఉంటాయి, కొందరికి భయం. వినికిడి యంత్రం మీద పెడితే కీచుమంటాయి కాబట్టి దగ్గరుండి చూడాలి. సెల్‌ఫోన్‌లో యూట్యూబ్ నేరుగా పెట్టవద్దు. పాట మధ్యలో అరిచినట్టు వచ్చే ప్రకటన అంతవరకు కుదిరిన నెమ్మదిని ఒక్క క్షణంలో చెడగొడుతుంది. ఆనాటి గొంతులతో ఆనాడు వచ్చిన రికార్డునే వెతకండి. కొత్త వాద్యాలతో, కొత్త గాయకులతో మళ్ళీ చేసినవి మన చెవికి శుభ్రంగా ఉంటాయి గాని, వారి చెవికి పరాయివి.

పాట వల్ల ఏమవుతుంది, ఏమి కాదు అన్నది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో అనేక అధ్యయనాలను పరిశీలించి వెలువరించిన సమీక్ష, కనీసం అయిదు విడతలుగా సంగీతంతో చేసిన చికిత్సల వల్ల దిగులు కొంత తగ్గుతుందని, ప్రవర్తనలోని ఇబ్బందులు మొత్తం మీద మెరుగవుతాయని, కోపోద్రేకాల మీద మాత్రం ప్రభావం అంతంత మాత్రమేనని తేల్చింది. అమెరికాలో 54 నర్సింగ్ హోముల్లో ఎవరి పాటలు వారికి వినిపించి చేసిన పెద్ద పరీక్షలో, అక్కడి సిబ్బంది చెప్పినదానిని బట్టి చూస్తే అలజడి చెప్పుకోదగినంత తగ్గలేదు. అయినా లిండా గెర్డ్‌నర్ అనే నర్సు పరిశోధకురాలు చెప్పిన ఒక సూత్రం చాలా ఉపయోగమైనదని నేను నమ్ముతున్నాను: అలజడి మొదలయ్యాక కాక, అది రోజూ వచ్చే వేళకు అరగంట ముందే పాట వినిపించాలి. సాయంత్రం అయిదింటికి ఇంటికి వెళ్ళాలని గేటు దగ్గరకు నడిచేవారికి నాలుగున్నరకు పాట మొదలుకావాలి. ఆమె 2000లో ప్రచురించిన అధ్యయనంలో, అందరికీ ఒకేలా వినిపించిన ప్రశాంతమైన శాస్త్రీయ సంగీతం కన్నా ఎవరికి వారికి ఎంచిన పాటలే అలజడిని ఎక్కువగా తగ్గించాయి. అయితే పాటతో డాక్టరు ఇచ్చిన మందులు మార్చకండి. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి ఒక్కసారిగా కేకలు వేయడం మొదలుపెడితే పాట వెతకడానికి ముందు నొప్పి ఉందా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, విరేచనం కాలేదా అన్నవి చూపించండి.

చివరగా మాట లేని అమ్మగారు. దేనికీ స్పందించడం లేదని మీరు రాశారు. స్పందనను మనం పాటలోనో మాటలోనో వెతుకుతున్నామేమో చూసుకోవాలి. కనురెప్ప, బొటనవేలు, దవడ బిగింపు, ముద్ద మింగే తీరు — ఇవి చూడండి. ఆమె కోసం యంత్రం పక్కన పెట్టి, రోజూ స్నానం చేయించే ఆయాను పాడమనండి. స్వీడన్‌లో ఎవా యోటెల్ అనే పరిశోధకురాలు, ఉదయం పూట ఒళ్ళు తుడిచి బట్టలు మార్చే వేళ సహాయకులే స్వయంగా పాడితే ఏమవుతుందో వీడియోల ద్వారా పరిశీలించారు. సహాయకులు చెప్పే సూచనలు తగ్గాయి, పెద్దలు తమంతట తామే చేయి ఎత్తడం, సహకరించడం పెరిగింది. గొంతు బాగుండనక్కరలేదు. ఆ అమ్మగారి ఊరి వైపు నుంచి వచ్చిన ఆయా మీ దగ్గర ఉంటే, తన అమ్మమ్మ పాడిన పాట ఏదైనా సరే, గిన్నెతో నీళ్ళు పోసే లయకు మెల్లగా పాడితే చాలు. నీళ్ళు పోసేటప్పుడు ఆమె భుజం బిగుసుకోకపోతే అదే ఆమె జవాబు అనుకోండి.

తొమ్మిది మందికీ తొమ్మిది పేజీలున్న నోటుపుస్తకం ఒకటి పెట్టండి. పైన పుట్టిన సంవత్సరం, పెరిగిన ఊరు, మొదటి భాష. కింద తేదీ, వినిపించిన పాట, అంతకు ముందు ఎలా ఉన్నారు, తరువాత ఎలా ఉన్నారు. ఒక పూట రెండు మూడు పాటలకు మించకుండా, ఇరవై నిమిషాల లోపు. నెల తిరిగేసరికి ఒక్కొక్కరికి పది పన్నెండు పాటలు తేలుతాయి, వేయకూడనివి రెండో మూడో తేలుతాయి. వేయకూడని వాటిని ఎర్ర సిరాతో రాయండి, రాత్రి డ్యూటీ వారికి కూడా చూపించండి. ఎవరినైనా ఆస్పత్రికి తరలించవలసి వస్తే మందుల చీటీతో పాటు ఆ పేజీ నకలు కూడా పంపండి. తెలియని వార్డులో, తెలియని మనుషుల మధ్య, ఆ పన్నెండు పాటలే వారికి తెలిసినవి. మీ రైల్వే పెద్దాయన హిందీ పాటకు ఏమన్నారో నాకు తప్పక రాయండి.